ఎర్ర కండువా లేని దివాను

కంప్యూటర్లు కూడా వచ్చి చేరిన ఒక పాత రాజ్యంలో, బట్టలు ఉతికే పైడమ్మకు భర్త మిగిల్చి వెళ్లినది ఒక హార్డ్ డిస్కు. దానిని అతడు తనకు తోచిన కొత్త పద్ధతిలో భాగాలు చేసి, తాను పాడిన పాటలు దాచుకున్నాడు. ఆ పాటలు వినాలని పైడమ్మ దానిని దివాను కచేరీలోని పాత కంప్యూటర్‌కు తగిలిస్తే, “డిస్కు ఖాళీ” అని తెర మీద కనిపించింది.

“ఖాళీదే కదా! రేపు తుడిచి కచేరీకి వాడుకుంటాం,” అన్నాడు దివాను విరూపాక్షయ్య.

“ఖాళీ కాదు బాబూ, మా ఆయన చెప్పేవాడు. ఈ యంత్రం డిస్కు మొదటి గడిలో పాత గుర్తు ఉందా అని మాత్రమే చూస్తుంది. లేకపోతే లోపలికి తొంగి చూడదు. ఆ గుర్తొక్కటి పెట్టించండి.”

“యంత్రం కంటే నీకెక్కువ తెలుసా? పో, బట్టలు ఉతుక్కో.”

పైడమ్మ వెళ్లి అతని బట్టలే ఉతికింది, ఎర్ర కండువాతో సహా.

రాజుగారి కోట కావలివాడు దివానును ముఖం చూసి కాదు, ఎర్ర కండువా చూసి గుర్తుపడతాడు. మరునాడు దివాను కండువా భుజాన వేసుకుని వచ్చిన పైడమ్మకు అతడు దండం పెట్టి రాజు కొలువుకు దారి ఇచ్చాడు. ఉత్త భుజాలతో వచ్చిన దివానును ఆపి, “కండువా లేదు, ఇక్కడ దివానుగారు లేరు ప్రభూ!” అని లోపలికి కేకవేశాడు.

“ఉన్నానురా!” అని బయట దివాను అరుపు.

“దివాను పదవి ఖాళీ అట ప్రభూ,” అంది పైడమ్మ. “వేరొకరికి ఇచ్చేయండి. లేదా ఈ కండువా ఆయనకు పంపి, నా డిస్కుకు ఆ గుర్తు పెట్టించండి.”

రాజు నవ్వి కండువా పంపించి, డిస్కుకు గుర్తూ పెట్టించాడు. యంత్రం మేలుకొంది, పైడమ్మ భర్త పాట మొదలైంది. పాట ముగిసేవరకు, ఇంకా తడి ఆరని కండువాతో ఉన్న దివానుతో సహా, అందరూ నిలబడి విన్నారు.