పొద వెనక మనిషి

ఆస్థాన చిత్రకారుడు మార్తాండశర్మకు నూనెరంగులు నూరిపెట్టే బీరమ్మ, చూసి చూసి తనూ బొమ్మ వెయ్యడం నేర్చుకుంది. కొండవాలు, మేస్తున్న గొర్రెలు, పక్కన ఒక పొద వేసింది. ఆ బొమ్మను శర్మ తనదేనని రాజుకు చూపించాడు. బీరమ్మ సభకొచ్చి, అది నాదంది.

"సాక్ష్యం?" అన్నాడు రాజు.

"పొద వెనక ఎవరున్నారో అయ్యగారిని చెప్పమనండి."

శర్మ నవ్వాడు. "బొమ్మలో పొద వెనక ఎవరుంటారే, పిచ్చిదానా?"

బీరమ్మ ఇంకా ఆరని పొదను నూనెగుడ్డతో తుడిచింది. దాని కింద, ఎప్పుడో ఆరిపోయిన రంగుల్లో, కర్ర పట్టుకున్న గొర్రెలకాపరి కనిపించాడు.

"నా పెనిమిటి. పోయి మూడేళ్ళయింది. ముందు ఆయన్నే వేశాను. రోజూ చూడలేక కప్పేశాను."

రాజు శర్మను పంపేసి, ఏం కావాలో కోరుకోమన్నాడు.

"కాస్త ఆకుపచ్చ రంగు ఇప్పించండి, దొరా. పాపం, ఎండలో నిలబడ్డాడు."