అక్క ఫొటోకు దీపాలు

ఉస్తాద్‌కున్న ఒక అలవాటు పెంచలయ్యకు అస్సలు నచ్చేది కాదు.

కడపలో దర్గా వెనక సందులో ఉస్తాద్ గఫూర్ సాయిబు దుకాణం. పెంచలయ్య అక్కడ పని నేర్చుకుంటున్నాడు. దేవుళ్ల పటాలు, పెండ్లి ఫొటోలు, పోయినవాళ్ల ఫొటోలు, అన్నిటికీ అక్కడే ఫ్రేములు కడతారు. పని పూర్తయ్యాక సాయిబు ఫ్రేమును గోడకు ఆనించి, చేయించుకున్నవాళ్లను "ఏం కనబడింది?" అని అడుగుతాడు. ఎట్లుందని మాత్రం అడగడు. చేసినవాడికి నాలుగు మంచి మాటలు వినాలని ఉండదా? పెంచలయ్యకు అదొక చాదస్తంలా తోచేది.

ఒకరోజు సుబ్బనరసమ్మ అనే ముసలావిడ ఒక ఫొటో పట్టుకొచ్చింది. వాళ్లక్క పెండ్లికి ముందు స్టూడియోలో దిగింది. ఇన్నేళ్లూ అది ఆ అక్క అత్తగారింట్లోనే ఉండిపోయింది. అక్క పోయాక ఈమె చేతికొచ్చింది. తీరా వచ్చేసరికి ఈమె చూపు మందగించింది. ఆపరేషన్ చేయించినా పెద్దగా లాభం లేకపోయింది.

"లోపలే దీపాలుండే ఫ్రేములు వచ్చినాయంట కదా సాయిబూ! అట్లాంటిదొకటి చేసియ్యి. ఈ ఉండే చూపు కూడా పోయేలోగా మా యక్క మొగం ఒక్కసారి సరిగా చూడాల."

ఆ పనిని సాయిబు పెంచలయ్యకు అప్పగించాడు.

పెంచలయ్య ప్రాణం పెట్టి చేశాడు. టేకు చెక్కతో పెట్టెలాగా లోతైన ఫ్రేము కట్టాడు. లోపలి అంచున గాడి తీసి, చుట్టూ ఎల్‌ఈడీ పట్టీ అమర్చాడు. పక్కన చిన్న స్విచ్చి పెట్టాడు. లోపలి అంచులను ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది, వార్నీషు మీద వార్నీషు వేసి తళతళలాడించాడు. స్విచ్చి వేస్తే ఆ నునుపులో నీడ పడి ఒక్కో బల్బు రెండుగా మెరిసింది. పక్క దుకాణాలవాళ్లు కూడా వచ్చి చూసిపోయారు. ఇక మనవాడి కాళ్లు నేల మీద నిలవలేదు.

సుబ్బనరసమ్మ వచ్చింది. సాయిబు ఫ్రేమును గోడకు ఆనించి స్విచ్చి వేశాడు.

"ఏం కనబడిందమ్మా?"

"దీపాలు సాయిబూ! ఎంత బాగుండాయో! పెండ్లి పందిరి మాదిరుండాది."

"ఇంకా?"

ఆమె ముందుకు వంగింది. కళ్లు చికిలించింది. చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. తర్వాత పెంచలయ్య వైపు తిరిగి, కుర్రవాణ్ణి నొప్పించడం ఇష్టంలేక చిన్నగా నవ్వింది.

"మా యక్క కూడా ఉంటాది లే నాయనా, లోపల యాడో."

సాయిబు స్విచ్చి ఆపేశాడు. "రేపు పొద్దున ఒకసారి రా తల్లీ" అన్నాడు.

ఆమె సందు మలుపు తిరిగిందో లేదో, పెంచలయ్య అందుకున్నాడు.

"ఆమెకు కండ్లు కనబడకపోతే నా పనిదేం తప్పు ఉస్తాద్? ఇంతమంది చూసినారు. ఒక్కరన్నా వంక పెట్టినారా?"

సాయిబు దుకాణం వెనకే ఉన్న తన ఇంట్లోకి వెళ్లి, కట్టెల పొయ్యి మీద కాగే నీళ్ల బిందె అడుగున పట్టిన మసిని గీక్కొచ్చాడు. దాంట్లో కాస్త నూనె కలిపాడు. ఫ్రేము ఒళ్లో పెట్టుకుని, లోపలి అంచు ఒక పక్క ఉప్పుకాగితంతో బరబరా గీకేశాడు. మెరుపంతా పోయాక గుడ్డతో మసి పూశాడు.

పెంచలయ్యకు ఎవరో తన ముఖానే పూసినట్టయింది. "ఉస్తాద్!" అని అరిచాడు.

"ఒక పక్క అయింది. మిగతాది నువ్వు పూయి" అని గుడ్డ చేతికిచ్చాడు సాయిబు. "దీపాలకు అడ్డంగా సన్న బద్ద ఒకటి కొట్టు. వెలుగు ఫొటో మీద పడాల. దీపం కనబడకూడదు."

ఆ పూట పెంచలయ్య అన్నం తినలేదు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అయినా ఉస్తాద్ మాట కాదనలేడు కదా! తను ఎక్కడ ఎంత సేపు రుద్దాడో అతని వేళ్లకు తెలుసు. అక్కడల్లా తన చేత్తోనే నలుపు చేశాడు. బద్దలు కొట్టాడు. పని ముగిసేసరికి దారిన పోయేవాళ్లు ఆగి చూసేదేమీ అందులో మిగల్లేదు.

మర్నాడు సుబ్బనరసమ్మ వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. ఈసారి స్విచ్చి పెంచలయ్యే వేశాడు, ఆమె వైపు చూడకుండా.

ఆమె పీట ముందుకు జరుపుకుంది. ఇంకా జరుపుకుంది. ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరికి పోయింది.

"అక్కా!" అంది ఉన్నట్టుండి. "నా కమ్మలు!"

సాయిబు, పెంచలయ్య ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఇవి నా బుట్టకమ్మలు సాయిబూ! తిరనాళ్లలో పోగొట్టుకున్నానని మా యమ్మ నన్ను చావగొట్టింది. చూడు, ఈ దొంగమొగంది పెట్టుకోని ఫొటో దిగింది! పైగా ఎట్ల నవ్వుతాండాదో చూడు!"

తిడుతూనే నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అద్దం మీద అరచెయ్యి పెట్టి, "అడిగింటే నేనే ఇచ్చేదాన్ని కదే" అంది, గొంతు తగ్గించి.

కాసేపటికి ఫ్రేమును కొంగులో చుట్టుకుని లేచింది. పెంచలయ్య అక్కడున్న సంగతే ఆమెకు గుర్తులేదు. వాళ్లక్కతో పోట్లాడుకుంటూనే సందు దాటిపోయింది.

పెంచలయ్య గడప దగ్గర నిలబడి ఆమె పోయిన దిక్కే చూస్తున్నాడు.

"ఫ్రేము గురించి ఏమన్నా అనిందా?" అడిగాడు సాయిబు వెనకనుంచి.

"ఒక్క మాట కూడా అనలేదు ఉస్తాద్" అన్నాడు పెంచలయ్య. చెప్తుంటే ఎందుకో అతనికి సంతోషంగా ఉంది.

"అయితే పని కుదిరింది" అన్నాడు సాయిబు.