పలికే పెట్టెకు పూలదండ

నల్లగుట్ట కింద ఇప్పచెట్టు బడిలో అన్ని పాఠాలూ సాగేవి, చప్పుళ్ళ పాఠం తప్ప.

బడికి టీచరమ్మ తాబేలు నిమ్మళమ్మ. ఏ ఆకు తినాలో, ఏ ఆకు ముట్టకూడదో, వాగు ఎక్కడ లోతో ఆమె ఒకసారి చెబితే పిల్లలు మర్చిపోయేవాళ్ళు కాదు. కానీ చప్పుళ్ళు నేర్పాలంటే గొంతు కావాలి. తాబేలుకి గొంతెక్కడిది? చిరుత ఎలా పలుకుతుందో చూపిద్దామని మెడ చాచి, ఊపిరి బిగబట్టి వదిలితే పొయ్యి ఊదినట్టు వచ్చేది. కుందేలు పిల్లలూ కౌజు పిల్లలూ దొర్లి దొర్లి నవ్వేవాళ్ళు. ఆమె కూడా కొంచెం నవ్వేసి ఆకుల పాఠంలోకి వెళ్ళిపోయేది.

కుందేలు చెంగమ్మ మాత్రం నవ్వేది కాదు.

పోయిన ఎండాకాలం ఆమె పెద్దకూతురు పొద్దువాలే వేళ ఒక చప్పుడు వింది. రంపంతో కట్టె కోస్తున్నట్టు గరగరా, ఆగి ఆగి వచ్చింది. చిరుత పలుకు అలాగే ఉంటుంది. అప్పటికి ఆ పిల్లకీ, చెంగమ్మకీ కూడా అది తెలియదు. కొమ్మలు కోసే చోట లేత చిగుళ్ళు రాలి ఉంటాయి కదా అని తల్లికి చెప్పి అటే వెళ్ళింది. అంతే.

ఇప్పుడు చిన్నవాడు దూదిగాడు అదే బడిలో ఉన్నాడు. తొలకరి పడి గడ్డి లేచిందంటే పిల్లలు తల్లుల్ని వదిలి సొంతంగా మేతకి వెళ్ళాలి. ఆలోపు వాడు ఆ చప్పుడు వినాలి. చెంగమ్మకి కావలసింది అదొక్కటే. ఆకాశంలో పిసరంత మబ్బు కనిపించినా ఆమె చెవులు నిలబడేవి. మేస్తూ మేస్తూ మధ్యలో వదిలేసి బడి దాకా వచ్చేది, వాడు ఉన్నాడో లేడో చూసుకుని వెళ్ళేది. మళ్ళీ వచ్చేది.

ఆ వేసవిలోనే పెట్టె దొరికింది.

అడవిలో జంతువుల్ని లెక్కపెట్టడానికి వచ్చిన మనుషులు వాగు ఒడ్డున మరిచిపోయారు. కొబ్బరికాయంత పెట్టె. పైన నల్లటి పలక. పక్కన వరసగా మీటలు. ఒకటి నొక్కితే డేగ, ఒకటి నొక్కితే రేచుకుక్కల మంద, ఒకటి నొక్కితే నక్క, ఒకటి నొక్కితే చిరుత. అచ్చం వాటి గొంతే. మనుషులు నొక్కుతుంటే కొమ్మల మీంచి చూసిన కొండముచ్చులు ఈ సంగతి చెప్పాయి. బడి కోసమే ఎవరో పంపినట్టుందని అందరూ అనుకున్నారు. చెంగమ్మ ఆ పూట కడుపునిండా మేసింది.

మాట నక్క జంబయ్య చెవిన పడింది.

జంబయ్య ఈమధ్య మాంసం మానేశానని చెప్పుకు తిరుగుతున్నాడు. నేరేడుపళ్ళతో సరిపెట్టుకుంటున్నానని మూతి ఊదారంగు చేసుకుని మరీ నలుగురిలోకి వచ్చేవాడు. పెట్టెలో తన గొంతు కూడా ఉందని వినగానే అతని ఒళ్ళు చల్లబడింది. పిల్లలు ఆ గొంతు గుర్తుపట్టడం నేర్చుకుంటే, రాబోయే పచ్చగడ్డి కాలంలో అతనికి నిజంగానే నేరేడుపళ్ళే గతి.

పెట్టె వద్దంటే అనుమానం వస్తుంది. అందుకని వద్దనలేదు. దానికి మొక్కాడు.

ఆ చుట్టుపక్కల బళ్ళన్నిటి మీదా అధికారి నెమలి. జంబయ్య వెళ్ళి పింఛం ఎండలో మెరిసే తీరు గురించి చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చేసరికి పెట్టె సంరక్షకుడయ్యాడు. అడవిపూలు గుచ్చి పెట్టె నిండా దండ వేశాడు. పసుపుకొమ్ము అరగదీసి బొట్టు పెట్టాడు. ఇంత విలువైన వస్తువు ఎండకి మాడుతుంటే చూడలేనని బడి పక్క రాళ్ళ మధ్య చీకటి గూట్లో దాచి, అడ్డంగా ముళ్ళకంప పడేశాడు. తర్వాత నిమ్మళమ్మ దగ్గరికి వచ్చి వంగి దణ్ణం పెట్టాడు.

"తప్పకుండా వాడండి టీచరమ్మ గారూ, మీకోసమే కదా. కాకపోతే గీత పడితే మాత్రం పూచీ మీది. అధికారి గారి మాట. బడి వదిలి వాగు అవతలికి పోవాల్సి ఉంటుంది. ఈ వయసులో మీకెందుకొచ్చిన గొడవా అని నా బాధ."

నిమ్మళమ్మ తల డిప్పలోకి వెళ్ళిపోయింది.

తర్వాత శిక్షణ అన్నాడు. చుట్టుపక్కల టీచర్లందర్నీ పిలిచి పొద్దున్నించి మధ్యాహ్నం దాకా పెట్టె గొప్పతనం చెప్పాడు. పెట్టె మాత్రం గూట్లోనే ఉంది. ఏ మీట దేనికని పక్క బడి ఉడత టీచరు అడిగితే, అన్నీ ఒకేసారి తెలుసుకుంటే తల తిరుగుతుందన్నాడు. చివర్లో తలా ఒక పండు పంచాడు. నిమ్మళమ్మ పండు నోట కరుచుకుని ఇంటికి నడిచింది. చేరేసరికి పొద్దు గూకింది.

దారిలో చెంగమ్మ కాచుకుని ఉంది. పెట్టె పలికిందా అని అడిగింది. నిమ్మళమ్మ తల అడ్డంగా ఊపింది. చెంగమ్మ పడమటి వైపు చూసింది. అక్కడ మబ్బు నిన్నటికన్నా పెద్దదిగా ఉంది.

కొన్నాళ్ళకి అధికారి తనిఖీకి వచ్చాడు. జంబయ్య పెట్టెను దండతో సహా తెచ్చి పిల్లల ముందు పెట్టి, ఏదీ ఒకసారి వినిపించండి అన్నాడు. నిమ్మళమ్మ ముందుకాలు చాచింది. ఒక మీట నొక్కింది. పెట్టె పలకలేదు. ఇంకొకటి నొక్కింది. పలకలేదు. ఆ పెట్టెకి ఎండే తిండి. చీకట్లో పస్తు పడుకున్న పెట్టె ఏం పలుకుతుంది? ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

పిల్లలు నవ్వారు. పొయ్యి ఊదినప్పటి నవ్వు వేరు, ఇది వేరు.

పాతవాళ్ళకి కొత్తది ఒంటబట్టదులే అని నెమలి పింఛం సర్దుకుని వెళ్ళిపోయాడు. జంబయ్య నిట్టూర్చి, దండ సరిచేసి, పెట్టెను మళ్ళీ గూట్లో పెట్టి కంప అడ్డం వేశాడు.

ఆ రోజు బడి వదిలాక కూడా చెంగమ్మ కదల్లేదు. డిప్ప ముందు కూర్చుంది. నాలుగు మాటలు అని పోదామనే వచ్చింది. వెనక కాలితో నేలని టపటపా కొడుతోంది.

"టీచరమ్మా."

చెంగమ్మ ముక్కుతో డిప్పని తట్టింది.

"మా పెద్దదానికి కట్టె కోసినట్టు వినిపించింది."

తల కొంచెం బయటికొచ్చింది. "తెలుసు చెంగమ్మా. నా దగ్గర చదువుకున్న పిల్లే కదా."

చెంగమ్మ కాలు ఇంకా నేలని కొడుతూనే ఉంది.

"పెట్టె మీద నాకేం కోపం లేదమ్మా," అంది నిమ్మళమ్మ. "పగిలితే బడి పోతుందని భయం. అది సగమే. ఇన్నేళ్ళలో ఈ పిల్లల ముందు నాకు తెలియదన్న మాట రాలేదు. ఇవాళ వచ్చింది. రేపు మళ్ళీ వాళ్ళ ముందే నొక్కి, మళ్ళీ పలక్కపోతే, ఆకుల పాఠం చెప్పినా నవ్వుతారు. అప్పుడు ఏ ఆకు తింటారో ఏమో."

చెంగమ్మ కాలు ఆగింది. ఈ మాట ఆమె అనుకోలేదు.

"పిల్లలు లేనప్పుడు నొక్కుదాం."

"గీత పడితే?"

ఇద్దరూ పెద్దమాస్టారి దగ్గరికి వెళ్ళారు. పెద్దమాస్టారంటే ముసలి ఎద్దు బసవయ్య. దున్నినన్నాళ్ళు దున్ని, కాడి దించాక గుట్ట కిందికొచ్చి స్థిరపడినవాడు. నెమరువేస్తూ అంతా విన్నాడు. వినడం అయిపోయాక కూడా నెమరువేస్తూనే ఉన్నాడు. చెంగమ్మకి ప్రాణం విసిగింది.

"కాడి మొదటిసారి మెడ మీద పెట్టినప్పుడు నేను చాళ్ళన్నీ వంకర తీశాను," అన్నాడు చివరికి. "నాగలి కర్రు కూడా విరగ్గొట్టాను. రైతు నన్ను అమ్మెయ్యలేదు. కొత్త కర్రు వేయించి, చేను చివర బీట్లోకి తీసుకెళ్ళి ఎవరూ చూడని చోట దున్నించాడు. నిన్ను ఎవరూ బీట్లోకి తీసుకెళ్ళలేదు నిమ్మళమ్మా. నేనూ తీసుకెళ్ళలేదు, అది నా తప్పే. పద. పగిలితే నేను పగలగొట్టానని చెబుతాను. వాగు అవతలికి పోవాల్సొస్తే నేనే పోతాను. అటు గడ్డి బాగుంటుందట."

లేచి కొమ్ముతో కంపను లాగి దారి పక్కన పడేశాడు.

ఎందుకు పలకలేదని కొండముచ్చుల్ని అడిగారు. మనుషులు దాన్ని రోజంతా ఎండలోనే ఉంచేవాళ్ళని అవి చెప్పాయి. ముందే చెప్పొచ్చు కదా అంటే, మమ్మల్నెవరు అడిగారు అన్నాయి. చెంగమ్మ పళ్ళతో దండ కొరికి తీసేసింది. ఎండ తాగే పలక ఆ పూల కిందే ఉంది.

మధ్యాహ్నం, పిల్లలు కునుకు తీసే వేళ, ముగ్గురూ దూరంగా బండల వెనక్కి వెళ్ళేవాళ్ళు. నిమ్మళమ్మ మొదట నొక్కింది డేగ మీట. చెంగమ్మ పొదలోకి దూకి చాలాసేపు బయటికి రాలేదు. ఇంకోసారి రేచుకుక్కల మంద మొదలైంది. ఆపడం తెలియక నిమ్మళమ్మ పెట్టె మీదికెక్కి కూర్చుంది. డిప్ప కింద నుంచి కుక్కలు మొరుగుతూనే ఉన్నాయి. బసవయ్య కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వుకి ఆమె తల లోపలికి వెళ్ళలేదు. తనూ నవ్వింది. కాలికి తెలిసేలా ఒక మీటకి తుమ్మజిగురు, ఒక మీటకి ఇసుక అంటించుకుంది.

చిరుత మీట చివరిది. అది పలికినప్పుడు చెంగమ్మ పొదలోకి దూకలేదు. చెవులు వీపుకి అంటుకుపోయాయి. గరగర, ఆగి, గరగర. ఆఖరిదాకా విని, "ఇదే," అంది. ఇంకోసారి నొక్కమంది.

పెట్టె పిల్లల ముందుకొచ్చిన రోజు నిమ్మళమ్మ మొదట ఒక మాట చెప్పింది. ఇది తనకీ కొత్తేనని, తప్పు నొక్కితే మీరే చెప్పండని. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. మిగతావాళ్ళు దగ్గరికి జరిగారు. కళ్ళు మూసుకోమంది. చప్పుడుని సగంలో ఆపి, ఎవరిది, ఎటునుంచి అని అడిగింది. పెట్టెను ఒక్కోసారి ఒక్కో బండ వెనక దాచి నొక్కింది. అదయ్యాక పెట్టెకి తెలియని సంగతి కూడా చెప్పింది.

"పెట్టె పలికినప్పుడు పైన కొండముచ్చులు చూశారా? తింటూనే ఉన్నాయి. అసలు చిరుత వస్తే ముందు అవే అరుస్తాయి. ఇంకొకటి. పెట్టె ఉన్నచోటే ఉంటుంది. చిరుత నడుస్తుంది. రంపం చప్పుడు నడుస్తోందంటే అది రంపమూ కాదు, పెట్టె కూడా కాదు."

జంబయ్య వచ్చి చూసుకునేసరికి గూడు ఖాళీ. దండ నేల మీద వాడిపోయి ఉంది. కోపాన్ని మొహాన కనబడనివ్వలేదు. బసవయ్య నీళ్ళకి వెళ్ళిన సమయం చూసి బడికి వచ్చాడు. అధికారి గారు పరీక్ష పెట్టమన్నారని, పిల్లల్ని తన గుహకి పంపించాలని చెప్పాడు. అందరూ ఒకేసారి వద్దట, ఒక్కొక్కళ్ళే. ముందు దూదిగాడట.

నిమ్మళమ్మ తల డిప్పలోకి వెళ్ళింది. జంబయ్య లోపల్లోపల నవ్వుకున్నాడు. తల లోపలికి వెళ్ళినమాట నిజమే. కాలు మాత్రం బండ వెనక్కి వెళ్ళి, జిగురు అంటించుకున్న చిరుత మీట తడుముకుని నొక్కింది.

గరగర.

పెట్టెను దాచడమే తప్ప జంబయ్య ఏనాడూ నొక్కి చూసిన పాపాన పోలేదు. దాని గొంతు అతనికి తెలియదు. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని ఒక్క దూకు దూకి, తాను నరికి తెచ్చిన కంపలోనే పడ్డాడు. అవతలికి వచ్చేసరికి తోక వెంట్రుకలు సగం ముళ్ళకే ఉన్నాయి.

"మామా, అది పెట్టె," అన్నాడు దూదిగాడు.

ఆ మాట గుట్టంతా పాకింది. జంబయ్య ఎటు వెళ్ళినా ఎవరో ఒకరు కట్టె కోస్తున్నారు మామా అని పలకరించేవాళ్ళు. పెట్టెకి ఇంకెప్పుడూ పరిగెత్తకూడదని అతను ఒట్టు పెట్టుకున్నాడు.

తొలకరి పడింది. గడ్డి లేచింది. దూదిగాడు మేతకి బయల్దేరాడు. చెంగమ్మ వెంట వెళ్ళలేదు. వెళ్ళకూడదు. బొరియ ముందు కూర్చుని ఒకే గడ్డిపరకను నములుతూ ఉంది.

పొద్దు వాలుతోంది. వాగు పక్క పొడుగు గడ్డిలో జంబయ్య పొంచి ఉన్నాడు. దూదిగాడు మేస్తూ మేస్తూ అటే వస్తున్నాడు. ఇంకో నాలుగు గెంతులు వేస్తే చాలు.

పైన కొండముచ్చులు తినడం ఆపి ఖక్ ఖక్ మన్నాయి. తర్వాత గరగర, ఆగి, గరగర.

దూదిగాడు నోట్లో గడ్డి నోట్లోనే ఉంచుకుని విన్నాడు. చప్పుడు ఇందాక మోదుగ చెట్ల వైపు ఉంది. ఇప్పుడు వాగు వైపు ఉంది. వాడు చెవులు వంచి, గడ్డి కదలకుండా వెనక్కి తిరిగాడు.

జంబయ్యకీ వినిపించింది. కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. పిల్లల నవ్వు గుర్తొచ్చి బలవంతాన కూర్చోబెట్టుకున్నాడు. ముసలి తాబేలు మళ్ళీ తన పరువు తీయడానికి మీట నొక్కిందనుకున్నాడు.

"నొక్కుకో టీచరమ్మా," అన్నాడు గట్టిగా. "ఎంతసేపు నొక్కుతావో నేనూ చూస్తా."

చప్పుడు బాగా దగ్గరికి వచ్చి ఆగింది.

ఆ ఏడు నేరేడుచెట్టు కింద పళ్ళు ఏరుకునేవాడు లేక అలాగే కుళ్ళిపోయాయి.

చెంగమ్మకి కూడా ఆ చప్పుడు వినిపించింది, పోయిన ఏడు వినిపించినట్టే. గడ్డిపరక జారిపోయింది. లేచింది. కూర్చుంది. మళ్ళీ లేచింది. ఎదురుగా గడ్డి కదిలి దూదిగాడు రివ్వున బొరియలోకి దూరాడు.

"అమ్మా, కట్టె కోత కాదు," అన్నాడు రొప్పుతూ. "నడుస్తోంది."

చెంగమ్మ వాడి వెనకే లోపలికి దూరింది. చాలాసేపు వాడి చెవులు నాకుతూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే లేత చిగుళ్ళు ఏరి బడికి తీసుకెళ్ళింది. ఎండలో ఉన్న పెట్టెను దాటుకుని వెళ్ళి, టీచరమ్మ ముందు పెట్టింది.

నీతి: టీచరు చేతికి కొత్త పనిముట్టు ఇచ్చేవాళ్ళు, అది పాడైనా ఫరవాలేదన్న మాట కూడా ఇవ్వాలి.