బండ మీద వార్త, బండ కింద వార్త

అనగనగా ఒక అడవిలో ఒక గోరింక ఉండేది. దాని పేరు పైడమ్మ. ముక్కు పసుపు, కాళ్ళు పసుపు, కళ్ళ చుట్టూ కూడా పసుపు. ఎప్పుడు చూసినా పేరంటానికి బయల్దేరినట్టే ఉండేది. నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకునేది కాదు.

ఆ అడవికి దిగువన ఒక ఊరుంది. అక్కడ వారానికొకసారి సంత జరుగుతుంది. సంతకి పోయే బళ్ళ గంటలు వినబడగానే అడవిలో జంతువులన్నీ వాగు ఒడ్డున ఉన్న నల్లబండ దగ్గర చేరేవి. ఆ వారం ఏం జరిగిందో పైడమ్మ చెప్పేది. ఎవరు కొత్త గూడు కట్టారు, ఎవరు పాట మార్చారు, ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారు, ఒక్కటీ వదిలేది కాదు. వినేవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. వేళ్ళు లేనివాళ్ళు ఊరికే నోరు తెరుచుకుని వినేవాళ్ళు.

వార్తలు చెప్పడానికి ఒక పద్ధతి ఉండేది. అది తాబేలు తాత పెట్టిన పద్ధతి. కళ్ళతో చూసిన వార్తయితే బండ ఎక్కి చెప్పాలి. ఎవరో చెప్పగా విన్నదైతే బండ దిగి, నేల మీద నిలబడి, ఎవరు చెప్పారో కూడా చెప్పాలి. ఇన్నేళ్ళలో ఎవరూ ఆ పద్ధతి తప్పలేదు. పైడమ్మ కూడా తప్పలేదు, ఆ వేసవి దాకా.

ఆ వేసవిలో వాగుకి ఇవతల గరికంతా మాడిపోయింది. అవతల ఒడ్డున మాత్రం పచ్చగానే ఉంది. కానీ అక్కడ ఒక చిరుతపులి ఉంటోంది. అందుకని రెండు నెలలుగా అటు ఎవరూ వెళ్ళడం లేదు. అందరికంటే ఎక్కువ కష్టం చుక్కమ్మది. చుక్కమ్మ అంటే చుక్కల జింక. దానికి బుజ్జి అని ఒక చిన్నపిల్ల ఉంది. తల్లికి మేత లేక పాలు తగ్గిపోయాయి. బుజ్జికి పక్కటెముకలు బయటపడ్డాయి.

సంత రోజు వచ్చింది. పైడమ్మ బండ ఎక్కింది. మొదటి వార్త కోయిల గురించి. కోయిల కొత్త పాట ఎత్తుకుందని, అది పాత పాటేనని, కాకపోతే ఇంకాస్త గట్టిగా పాడుతోందని చెప్పింది. ఎవరూ నవ్వలేదు. రెండో వార్త ఎలుగుబంటి మామ గురించి. ఇప్పపూలు మెక్కి చెట్టు కిందే రెండు రోజులు నిద్రపోయాడని చెప్పింది. ఎలుగుబంటి మామ ఇప్పుడు కూడా ఆవులిస్తూ, మూడో రోజు సంగతి మర్చిపోయావే అన్నాడు. అడవిపంది లేచి ఇంటిదారి పట్టింది. కుందేళ్ళు కూడా లేవబోయాయి.

పైడమ్మకి చిన్నతనంగా అనిపించింది. మూడో వార్త ఒకటి ఉంది. పొద్దున ఉడుత చెప్పింది. చిరుత అడవి వదిలి పోయిందట. కానీ అది విన్న వార్త. బండ దిగి చెబితే ఎవరు చెవి రిక్కిస్తారు? లేచినవాళ్ళు ఆగుతారా? పైడమ్మ ఒక్క క్షణం కిందికి చూసింది. దిగలేదు. బండ మీదే నిలబడి చెప్పేసింది.

"చిరుత అడవి వదిలి వెళ్ళిపోయింది."

అడవిపంది వెనక్కి తిరిగి వచ్చింది. ఎలుగుబంటి మామ నిద్రమత్తు వదిలింది. అందరూ పైడమ్మని మెచ్చుకున్నారు. చుక్కమ్మ కళ్ళు మెరిశాయి. నిజమా అని అది అడగనైనా అడగలేదు. బండ మీది మాట కదా, ఇంక అడిగేదేముంది? బుజ్జిని లేపుకుని వాగు వైపు నడిచింది.

అలా నడిచిపోతున్న తల్లినీ పిల్లనీ చూసేసరికి పైడమ్మకి తను ఏదీ చూడలేదన్న సంగతి గుర్తొచ్చింది. మెప్పులన్నీ వదిలేసి ఉడుత దగ్గరికి ఎగిరింది. ఉడుత తను చూడలేదని, తనకి కొండముచ్చు చెప్పిందని చెప్పింది. పైడమ్మ కొండముచ్చు దగ్గరికి ఎగిరింది. పోయిందని తనెప్పుడన్నానని కొండముచ్చు ఎదురడిగింది. రెండు రోజులుగా కనబడలేదని మాత్రమే అన్నదట. పైడమ్మ ఇంక ఎవరినీ అడగలేదు. ముందే చేయాల్సిన పని అప్పుడు చేసింది. తనే వాగు దాటి వెళ్ళి చూసింది.

అవతల ఒడ్డున రెల్లు పొదలో చిరుత ఉంది. చెవులు నిక్కబొడుచుకుని, పొట్ట నేలకి ఆనించి, కదలకుండా వాగు వైపే చూస్తోంది. వాగు మధ్యలో చుక్కమ్మ, దాని వెనకే బుజ్జి. నీళ్ళు గిట్టల పైదాకా కూడా లేవు.

పైడమ్మ ఒక్క ఊపున చుక్కమ్మ తల మీదికి ఎగిరొచ్చింది. తప్పు ఒప్పుకోవడానికి దానికి మనసొప్పలేదు. అందుకని సగం నిజమే చెప్పింది.

"వదినా, ఆగు. చిరుత మళ్ళీ వచ్చినట్టుంది."

చుక్కమ్మ ఆగింది. పచ్చని ఒడ్డు వైపు ఆశగా చూసింది. "ఇప్పుడే వచ్చిందంటే ఇంకా ఎక్కడో దూరంగా ఉంటుందిలే పైడమ్మా. పిల్లకి నాలుగు పరకలు తినిపించి వచ్చేస్తాను" అంది. ఇంకో అడుగు వేసింది. బుజ్జి కూడా వేసింది.

నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే బుజ్జి పోతుంది. పైడమ్మకి ఇంక ఆలోచన అక్కర్లేకపోయింది.

"అది అసలు వెళ్ళనే లేదు వదినా. నేను చూడకుండానే బండ ఎక్కి చెప్పాను. ఎదురుగా ఆ రెల్లు పొదలో ఉంది. నీ పిల్లనే చూస్తోంది."

చుక్కమ్మ గిర్రున వెనక్కి తిరిగి, నుదుటితో బుజ్జిని ఒక్క తోపు తోసింది. రెండూ నీళ్ళు చిమ్ముకుంటూ పరుగెత్తాయి. పొదలోంచి చిరుత దూకింది. అది వాగు మధ్యకి వచ్చేసరికి తల్లీపిల్లా ఇవతల ముళ్ళపొదల్లోకి దూరిపోయాయి. చిరుత కాసేపు నీళ్ళలో నిలబడింది. ఒక్కో కాలూ విదిలించుకుని, చిన్నబోయిన మొహంతో వెనక్కి వెళ్ళింది.

పొదల్లో చుక్కమ్మ బుజ్జిని తల నుంచి తోక దాకా నాకి చూసుకుంది. ఎక్కడా గీత కూడా పడలేదు. బుజ్జి వణుకు తగ్గి, తల్లి పొట్ట కిందికి దూరింది. పైడమ్మ పక్క కొమ్మ మీద కూలబడింది. చుక్కమ్మ తిట్టి ఉంటే బాగుండేదని దానికి అనిపించింది. చుక్కమ్మ తిట్టలేదు. హాయిగా ఒక ఊపిరి వదిలి, బుజ్జిని మళ్ళీ మొదటినుంచి నాకడం మొదలుపెట్టింది. అది చూసి పైడమ్మ ఏడ్చేసింది. అది భయంతో వచ్చిన ఏడుపు కాదు, గండం గడిచిందని వచ్చిన ఏడుపు.

మళ్ళీ సంత రోజు వచ్చింది. అందరూ చేరారు. పైడమ్మ నేల మీద, ఓ మూలగా నిలబడింది. తాబేలు తాత దాన్ని బండ ఎక్కమన్నాడు. ఏ మొహంతో ఎక్కనని పైడమ్మ అడిగింది.

"చూసింది ఏదన్నా ఉంటే ఎక్కాలి కదమ్మా" అన్నాడు తాత.

పైడమ్మ మెల్లగా బండ ఎక్కింది. మొదటి వార్తగా తన తప్పు తనే చెప్పింది. ఏం చేసిందో, ఎందుకు చేసిందో, ఏమీ దాచలేదు. తర్వాత రెండో వార్త చెప్పింది. వారమంతా అది తిండి మానేసి అడవి అంచునున్న కొండ చుట్టూ తిరిగింది. ఇవతలి వైపే, కొండ వెనక రాళ్ళ మధ్య ఒక ఊట ఉంది. దాని చుట్టూ పచ్చగా గరిక మొలిచింది.

చుక్కమ్మ లేచి ముందుకి వచ్చింది. పోయిన వారం అడగని మాట ఇప్పుడు అడిగింది.

"నువ్వు చూశావా పైడమ్మా?"

"చూశాను వదినా. కాళ్ళకి ఇంకా ఆ బురద అంటుకునే ఉంది, చూడు."

చుక్కమ్మ దగ్గరికి వచ్చి ఆ పసుపు కాళ్ళని వాసన చూసింది. తడిమట్టి వాసన, పచ్చిగడ్డి వాసన. "అయితే ముందు నువ్వు నడువు, వెనకే మేమొస్తాం" అంది. ఆ వారం మూడో వార్త వినడానికి ఎవరూ కూర్చోలేదు. అందరూ గరిక వైపు బయల్దేరారు, అందరికంటే ముందు బుజ్జి.

నీతి: విన్నదాన్ని చూశానని చెప్పకూడదు. చెప్పి తప్పు చేస్తే, సగం కాదు, మొత్తం ఒప్పుకోవాలి.