కనుపాపలు లేని మరియమాత

ఎర్రవంక మరియమాత దేవాలయానికి వచ్చే భక్తులు పడమటి గుమ్మంలో చెప్పులు విడిచి లోనికి రావాలి. కుడిగోడ మీద సిలువమార్గపు పద్నాలుగు కొయ్య పలకలు కనిపిస్తాయి. వాటిని చెక్కినవాడు బండ్లు చేసే వడ్రంగి. రోమా సైనికుడు ఎలా ఉంటాడో తెలియక, శిస్తుకు వచ్చే బంట్రోతులను చూసి చెక్కాడు. అందుకే క్రీస్తును కొట్టేవాళ్ళందరికీ తలపాగాలు ఉంటాయి. ఇందులో తప్పుందని ఈ ఊళ్ళో ఇంతవరకు ఎవరికీ అనిపించలేదు.

ఎదురుగా పీఠం వెనుక, తూర్పు కిటికీలో, మరియమాత నిలబడి ఉంటుంది. అది అద్దం కాదు, మేకతోలు. పొద్దు ఎక్కేకొద్దీ ఎరుపు, నీలి, ఆకుపచ్చ రంగులు నేల మీదికి దిగుతాయి. ముఖం వెలుగుతుంది. కళ్ళు మాత్రం రెండు ఖాళీ గళ్ళు. లోకపు పాపాలు చూడలేక తల్లి చూపు దాచుకుందని ఈ గుడి గురించిన పాత పుస్తకంలో అచ్చువేశారు. చదవడానికి బాగానే ఉంటుంది. జరిగింది అది కాదు.

పూర్వం ఇక్కడ కన్యాస్త్రీల మఠం కొత్తగా లేచిన రోజుల్లో, మఠాధిపతి మదర్ క్లోతిల్డా ఈ కిటికీ కోసం తన దేశం నుంచి రంగుటద్దాలు తెప్పించింది. ఓడ దిగి, బండెక్కి వచ్చిన పెట్టె తెరిస్తే లోపల ఒక్క అద్దం కూడా పగలకుండా మిగల్లేదు. కిటికీకి గోనెపట్టా కట్టారు. అప్పుడెవరో వంక అవతల తోలుపేటలో ఉండే ఆరోగ్యమ్మ పేరు చెప్పారు.

ఆరోగ్యమ్మది తరతరాలుగా తోలుబొమ్మలు చేసే ఇల్లు. జ్ఞానస్నానం పుచ్చుకున్నాక ఆట మానుకోమన్నారు, మానుకుంది. పెట్టెలోని బొమ్మలన్నిటినీ ఏట్లో కలిపింది. చేతిలోని పనిని మాత్రం కలపలేకపోయింది. ఆమెకు లూర్దు అని ఒక్కతే కూతురు. మశూచి ఆ పిల్ల ఒక కన్ను తినేసింది, రెండోది రోజురోజుకూ మసకబారుతోంది. మదర్ కబురు రాగానే ఆరోగ్యమ్మ మొక్కుకుంది: నా చేత్తో నీ కళ్ళు తెరుస్తాను తల్లీ, నా బిడ్డకు ఆ ఒక్క కన్నూ నిలబెట్టు.

చలికాలమంతా కూర్చుని ఏడు తోళ్ళను వెలుగు దూరేంత పలుచగా గీకింది, కుట్టింది, రంగులు వేసింది. కనుపాపలు మాత్రం దిద్దలేదు. ఆ పనికి ఒక కట్టడి ఉంది. బొమ్మను దాని చోట నిలబెట్టి, వెనుక వెలుగు ఉండగా, చేసిన మనిషే కళ్ళు దిద్దాలి. ఒకసారి నిలబెట్టిన బొమ్మను దించితే ఇక ఏటికే ఇవ్వాలి. ఇదంతా చెబితే మదర్ సరేనంది, మాత పండుగ పొద్దున వచ్చి దిద్దమంది.

పీఠానికి ముందు ఆ కాలంలో కొయ్య కటకటాలు ఉండేవి. పెద్దవీధి వారు వాటిదాకా వెళ్ళేవారు. తోలుపేటవారు గుమ్మం దగ్గరి స్తంభాల వెనుక నిలబడాలి. కళ్ళు దిద్దాలంటే ఆరోగ్యమ్మ కటకటాలు దాటాలని కొత్తగా వచ్చిన మదర్‌కు తట్టలేదనుకుందాం. తట్టినవాళ్ళందరూ నోరు మూసుకుని, బొమ్మను సున్నంతో కిటికీకి బిగించేదాకా ఆగారు.

పండుగ పొద్దున ఆరోగ్యమ్మ తలంటుకుని, కొబ్బరిచిప్పలో నల్లసిరా, కుంచె పట్టుకుని, లూర్దును చేయిపట్టి నడిపించుకుంటూ వచ్చింది. కటకటాల దగ్గర పెద్దవీధి పెద్ద బాలశౌరయ్య అడ్డం నిలబడ్డాడు.

"యాడికి పోతావు ఆరోగ్యమ్మా?"

"కండ్లు దిద్దాల సామీ. మదరమ్మ రమ్మనింది."

"కుంచె ఇట్లియ్యి. మావోళ్ళు దిద్దుతారులే."

"చేసినోళ్ళే తెరవాల సామీ."

"అట్లయితే బొమ్మను దింపిస్తా. బయట దిద్దుకో."

"దింపితే ఏటికే ఇయ్యాల. ఒక్క గడియ సామీ. నా బిడ్డ కంటికి మొక్కుకున్యా."

మదర్ క్లోతిల్డా ఆయన వైపు చూసింది, ఆరోగ్యమ్మ వైపు చూసింది, తర్వాత తన జపమాల వైపు చూసుకుంది. మఠానికి నీళ్ళిచ్చే బావి బాలశౌరయ్య పొలంలోది. గంట కొట్టారు, పూజ మొదలైంది. పూజ అయ్యేదాకా ఆరోగ్యమ్మ అక్కడే నిలబడింది. తర్వాత చిప్పను, కుంచెను గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది.

ఈస్టరుకు ముందు వచ్చే మరుసటి తపస్సుకాలానికి లూర్దు రెండో కన్నూ పోయింది. కనుపాపలు దిద్ది ఉంటే నిలిచేదా అంటే ఎవరు చెప్పగలరు? ఆరోగ్యమ్మ నిలిచేదనే నమ్మింది, ఆ నమ్మకంతోనే కుమిలి కుమిలి పోయింది. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ముసలితనంలో బాలశౌరయ్య కళ్ళకు పొర కమ్మింది. మాత కలలో కనబడి "పిలువు" అన్నదట. ఆయన మర్నాడే కటకటాలు పట్టుకుని, గుడంతా వినేలా "ఆరోగ్యమ్మా, లోపలికి రా" అని మూడుసార్లు పిలిచాడు. ఆరోగ్యమ్మ మట్టిలో కలిసి అప్పటికి నాలుగేళ్ళు. మఠంలో జపమాలలు గుచ్చుకుంటూ బతికే లూర్దు స్తంభం వెనుక నుంచి జవాబిచ్చింది.

"మా అమ్మకేం చెవుడు లేదు సామీ. బతికుండంగ పిల్చింటే వచ్చిండేది."

"పోనీ నువ్వు రామ్మా. నువ్వు దిద్దు."

"దిద్దేకి నాకు కండ్లుండాయా?"

ఆ తరువాత ఆ కుంచె ఎవరూ ముట్టలేదు.

నాటి నుంచి ప్రతి ఏటా పండుగ పొద్దున దీపపు మసి, తుమ్మబంక నూరి, కొబ్బరిచిప్పలో పోసి పీఠం ముందు పెడతారు. బాలశౌరయ్య వంశంవారు ఆరోగ్యమ్మను మూడుసార్లు పిలుస్తారు. పది మంగళవార్త జపాలు చెప్పేంతసేపు అందరూ ఎదురుచూస్తారు. ఎవరూ రారు. అప్పుడా సిరాను పసిబిడ్డల కనురెప్పలకు పెడతారు. కంటిజబ్బులు నయమైనవారు అనేకులు వెండికళ్ళు సమర్పించి ఉన్నారు, మఠం గుమ్మం పక్కన వాటిని చూడవచ్చు.

పిలవడం ఇప్పుడు పెద్ద గౌరవం. నిరుడు అన్నదమ్ముల బిడ్డలిద్దరు ఆ వంతు నాదంటే నాదని పీఠం ముందే కాలర్లు పట్టుకున్నారు. పిలుపు మధ్యాహ్నానికి గానీ పడలేదు. కటకటాలు తీసేసి నలభై ఏళ్ళయింది. ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చని బోర్డు కూడా ఉంది. తోలుపేటవారు పండుగకు తప్పకుండా వస్తారు, గుమ్మం దగ్గరే నిలబడతారు. ముందుకు రమ్మని గుడిలో పూజ చేసే విచారణ గురువులు ఏటా చెబుతూనే ఉన్నారు.

"పిలిచేది ఆయమ్మను గదా ఫాదర్," అంటారు వాళ్ళు. "మమ్మల్ని ఎవురు పిల్చినారు?"