ఆల్చిప్ప నాన్న నిప్పు

ఒకప్పుడు, సముద్రం ఇంకా కొత్తగా ఉన్న కాలంలో, ప్రాణమున్న ప్రతి జీవి ఒంట్లోనూ రెండు నిప్పులు ఉండేవి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఇంకొకటి నాన్న ఇచ్చింది. కంటికి ఆననంత చిన్న నిప్పులు. తిన్న తిండిని ఉడికించి ఒంటికి బలం చేసిపెట్టడం వాటి పని. అలాంటి నిప్పు మీ ఒంట్లోనూ ఉంది. పెద్ద తరగతికి వెళ్లాక బడిలో దాన్ని మైటోకాండ్రియా అంటారు. ఈ కథలో మాత్రం అది నిప్పే.

అయితే ఏ నిప్పు వంట దానిది. అమ్మ నిప్పు నెమ్మదిగా ఉడకాలంటుంది. నాన్న నిప్పు గబగబా మరగాలంటుంది. నేనంటే నేనని రెండూ కొట్టుకునేవి. తిండంతా మాడి మసైపోయేది. పాపం, పసిపిల్లలు లోపల్నుంచే కమిలిపోయి చచ్చిపోయేవారు. ఒడ్డంతా చిన్న చిన్న ఖాళీ గుల్లలే.

చూసి చూసి గంగమ్మ ఇక ఊరుకోలేకపోయింది. గంగమ్మ అంటే సముద్రమే, ఒడ్డున ఉండేవాళ్లు అలాగే పిలుస్తారు. ఆవిడ తల్లుల్నీ తండ్రుల్నీ పిలిచి చెప్పింది.

"ఒక కడుపులో ఒకటే నిప్పుండాల. అమ్మ నిప్పు గుడ్డులో ముందే కూకుని ఉంది. అయ్య నిప్పు అంత దూరం ఈదుకొచ్చి సగం మాడిపోయుంటాది. అంచేత అయ్యలందరూ మీ నిప్పు గుడ్డు గడపకాడే ఆర్పేసి లోపలికెల్లండి."

తండ్రులు కాసేపు గొణిగారు. తర్వాత సరేనన్నారు. నిప్పు ఇవ్వకపోతేనేం, పిల్లలకి ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఇంకేదో ఉంది. పిట్ట గూడు కట్టిపెడుతుంది. జెల్ల చేపైతే గుడ్లన్నీ నోట్లో పెట్టుకుని, పిల్లలయ్యేదాకా పస్తులుండి మరీ కాపాడుతుంది.

సరేననలేనివాడు ఒక్కడే. అతని పేరు దానయ్య. ఆల్చిప్ప.

దానయ్య ఏటి మొగలో, ఏరు సముద్రంలో కలిసేచోట, ఒక నల్లరాతికి తన ఒంట్లోంచి వచ్చే నారపోగులతో తననే కట్టేసుకుని కూర్చున్నాడు. కదల్లేడు. అదే రాతి మీద అతని పెళ్లాం సోములమ్మ కూడా ఉంది. రుతువు వచ్చినప్పుడు ఆమె గుడ్లు నీళ్లలోకి వదులుతుంది, ఇతను తన విత్తు నీళ్లలోకి వదులుతాడు. అల వచ్చి అన్నీ ఊడ్చుకుపోతుంది. పిల్లలు ఎక్కడ పుడతారో, ఎక్కడ అతుక్కుంటారో తండ్రికి తెలియదు. ఒక్క బిడ్డ ముఖమైనా చూడకుండానే ఆ జాతి తండ్రులు కాలం చేస్తారు.

"నీకేటి గరగయ్యా, నోటినిండా పిల్లలే," అన్నాడొకసారి దానయ్య, అటు వచ్చిన జెల్ల చేపతో. "నానేటి ఇవ్వగలను సెప్పు? గూడు కట్టనేను, ఎత్తుకోనేను. ఉన్నది ఆ నిప్పొక్కటే. అదీ ఆర్పేయమంటే నాను అయ్యనెలాగ అవుతాను?"

గరగయ్య నోరు తెరిస్తే గుడ్లు జారిపోతాయి. అందుకని "ఊఁ" అని వెళ్లిపోయాడు. బాధ చెప్పుకోవడానికి భలే తోడు దొరికింది!

ఆ రుతువులో దానయ్య గంగమ్మ మాట దాటాడు. విత్తు వదిలేముందు తన నిప్పురవ్వలతో రహస్యంగా అన్నాడు. "గడపకాడ ఆరిపోకండి. నక్కి నక్కి లోపలికెల్లిపొండి."

అలలు అన్నిటినీ తీసుకుపోయాయి. ఏ అదృష్టమో, ఇద్దరు పిల్లలు మాత్రం పోటునీళ్లలో తేలుతూ వచ్చి ఆ నల్లరాతికే అతుక్కున్నారు. కూతురు నీలాలు, కొడుకు పైడయ్య. నీలాలైతే నాన్న పక్కనే చోటు చూసుకుంది. ఆమె నారపోగు అతని నారపోగుకి పెనవేసుకుంది.

దానయ్య ఆనందం చెప్పనలవి కాదు. రోజంతా ఆ పిల్లతో కబుర్లే. నీళ్లు చల్లగా వస్తే ముందు నీలాలుకి చెప్పేవాడు, పీత కనబడితే ముందు నీలాల్నే చిప్పల తలుపు మూసుకోమనేవాడు. సోములమ్మ నవ్వేది. "కొడుకొకడున్నాడు, గురుతుందా?"

కొన్నాళ్లకి నీలాలు చిక్కిపోసాగింది. తిన్నది ఒంటపట్టడం లేదు. చిప్పలు రెండూ సరిగా మూసుకోవడం లేదు.

ఏం జరిగిందంటే, కూతురనేసరికి నాన్న నిప్పుకి కాలు ఒకచోట నిలవలేదు. రవ్వలు రవ్వలుగా విడిపోయి ఆ పిల్ల ఒళ్లంతా తిరిగింది. వెళ్లిన ప్రతిచోటా అమ్మ నిప్పు ఎదురైంది. ప్రతిచోటా పోట్లాటే.

సోములమ్మకి విషయం అర్థమైపోయింది. "ఏటి సేసినావు?" అని కేకలేసింది. "పిల్లకి నిప్పిచ్చినావా, సితి పేర్చినావా?"

దానయ్య తన తలుపు సగం మూసేసుకున్నాడు.

పోటు నీళ్లతో గంగమ్మ వచ్చింది. ఆవిడ తిట్టలేదు, అందుకే దానయ్యకి ఇంకా భయం వేసింది. "దానయ్యా, రేపు పెద్ద ఆటు. నీళ్లు మా దూరం పోతాయి. మిట్టమజ్జానం ఈ రాయి పెనంలాగ కాలతాది. తలుపు మూసుకోనేని పిల్ల ఎండిపోతాది. రెండు నిప్పులూ కొట్టుకుంటంటే దానికి మూసుకునే బలమెక్కడిది?"

"నా నిప్పుని ఎనక్కి పిలిసేస్తాను తల్లీ."

"ఎల్లిన నిప్పు ఎనక్కి రాదు. ఆరిపోవడమే."

మర్నాడు నీళ్లు తీసేశాయి. ఎండ రాతి మీద పడింది. సోములమ్మ, పైడయ్య తలుపులు బిగించుకున్నారు. నీలాలు చిప్పలు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆ పిల్లకి ఒంటి మీద స్పృహ లేదు. లోపలి తడి ఆరిపోతోంది.

దానయ్య తన నారపోగులోంచి ఆమె నారపోగులోకి మాట పంపాడు. "నా రవ్వల్లారా, ఆరిపొండి."

"ఎందుకూ?" అన్నాయి రవ్వలు. "ఈ పిల్ల నీ కూతురే కదా?"

"నా కూతురు గనకే."

ఒక్కొక్క రవ్వా ఆరింది. ఒక్కొక్కటి ఆరినప్పుడల్లా దానయ్య ఒంట్లో ఎక్కడో చల్లబడింది. ఆఖరి రవ్వ కాసేపు మొండికేసి, అదీ ఆరింది. నీలాలు చిప్పలు నెమ్మదిగా దగ్గరికొచ్చి మూసుకున్నాయి. దానయ్య తన తలుపు బిగించుకుని, ఎవరికీ వినబడకుండా ఏడ్చాడు.

సాయంత్రం పోటుకి గంగమ్మ వచ్చి పిల్లలిద్దర్నీ తడిమి చూసింది. పైడయ్య దగ్గర ఆగిపోయింది. వాడి ఒంట్లో నాన్న నిప్పు ఇంకా బతికే ఉంది! కొడుకులో అది విడిపోలేదు, తిరగలేదు. ముద్దగా ఒక మూల నక్కి, వంట జోలికి పోకుండా కూర్చుంది. అందుకే పోట్లాట రాలేదు.

గంగమ్మ తీర్పు చెప్పింది. "సరే, ఆ మూల ఉండనీ. కానీ దాని మీద వాడు వండుకోకూడదు. బతుకంతా అమ్మ నిప్పు మీదే. దీన్ని మోసి వాడి కొడుక్కిచ్చుకోడమే వాడి పని."

"మరి నా నీలాలుకి?" అన్నాడు దానయ్య.

గంగమ్మ నురగ రాతిని తాకి వెనక్కి పోయింది.

నీలాలు కోలుకుంది, మెల్లగా ఒళ్లు చేసింది. ఒకరోజు అన్న పైడయ్య ఒంట్లో ఆ మూల మెరుపు చూసింది.

"అయ్యా, అదేటి?"

"నా నిప్పమ్మా."

"నాకేదీ మరి?"

దానయ్య ఏమని చెబుతాడు? నేనిచ్చిందే నిన్ను చంపబోయిందని ఏ నోటితో చెబుతాడు? "నీకు అమ్మ నిప్పు సాలు తల్లీ," అన్నాడు.

"అన్నకైతే ఇచ్చినావు," అంది నీలాలు.

పిల్ల ఆల్చిప్పలు తమ నారపోగులు తామే తెంపుకుని చోటు మారగలవు. నీలాలు తన పోగులు తెంపుకుంది. నాన్న పోగుకి పెనవేసుకున్నదాన్ని కూడా తెంపేసింది. అల వచ్చి తీసుకుపోయింది. దానయ్య పిలిచాడు. ఏటి మొగలో అలల హోరు ఎక్కువ, ఆ పిలుపు ఎంత దూరం వెళ్లిందో తెలియదు. వెంట వెళ్దామంటే ముసలివాడి పోగులు రాతిలో పాతుకుపోయి ఉన్నాయి.

అప్పటినుంచే ఏ జీవిలోనైనా నాన్న నిప్పు గడప దగ్గరే ఆరిపోతుంది గానీ, దానయ్య సంతతి ఆల్చిప్పల్లో మాత్రం కొడుకులకి అందుతుంది. అమ్మ నిప్పు బిడ్డలందరికీ, నాన్న నిప్పు కొడుకులకే. కొడుకు దాన్ని ఒక మూల దాచి తన కొడుక్కిస్తాడు. కూతురి ఒంట్లోకి కూడా మొదట నాన్న నిప్పు వెళ్తుంది. వెళ్లి, రవ్వలు రవ్వలుగా చెదిరి, చడీ చప్పుడూ లేకుండా ఆరిపోతుంది. ఆ సంగతి కూతుళ్లకి ఈనాటికీ తెలియదు.