బీరువా రెండో తలుపు

చీరాల స్టేషను రోడ్డులో టింకరింగ్ షెడ్డు నడుపుకునే అంకమ్మరావుకి చేతినిండా పనితనం ఉండేది, దానికి రెట్టింపు మొండితనమూ ఉండేది. ఎంత సొట్టపడ్డ రేకైనా సరే, అతని సుత్తి కిందికి వస్తే బుద్ధిగా సాపు అయ్యేది. కానీ కొలత టేపు పట్టుకోవడమంటే అతనికి నామోషీ. "నా కన్నే నా టేపు" అనేవాడు. ఎవరైనా "అన్నా, ఇక్కడ కాస్త చూడు" అని నోరు తెరిస్తే చాలు, "టింకరు నువ్వా, నేనా?" అని నోరు మూయించేవాడు. అతని కన్ను నిజంగా మంచి కన్నే. పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పేది కాదు. ఆ పదోసారి ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను.

అంకమ్మరావు షెడ్డుకి సరిగ్గా ఎదురుగా సుభాని టైలరు కొట్టు ఉండేది. సుభాని అతనికి చిన్ననాటి స్నేహితుడు. వంద కిలోలకి తగ్గని భారీ మనిషి, మాట మాత్రం దూదంత మెత్తన. పదో తరగతిలో ఉండగా ఇద్దరూ ఒకే అద్దె సైకిలు మీద వాడరేవు వెళ్ళి, సముద్రాన్ని చూస్తూ ఒట్టు పెట్టుకున్నారు.

"కన్యాకుమారిలో మూడు సముద్రాలు ఒక్కచోట కలుస్తాయంటరా. ఎప్పటికైనా మనిద్దరం ఒకే బండి మీద పోయి చూడాలి" అన్నాడు సుభాని.

ఆ ఒట్టు పెట్టుకుని నలభై మూడేళ్ళయింది. ఒక ఏడాది పెళ్ళి అడ్డం వచ్చింది, ఒక ఏడాది ఇల్లు కట్టడం అడ్డం వచ్చింది, మరో ఏడాది ఏమీ అడ్డం రాకపోయినా బద్ధకం వచ్చింది. మనందరి సంగతీ అంతేగా!

కానీ ఆ ఏడాది మాత్రం ఇక ఆగడానికి వీల్లేకపోయింది. సుభాని మోకాళ్ళు చూసిన డాక్టరు, "వచ్చే నెలలో ఆపరేషన్ చేయాలి. ఆ తర్వాత బండి వెనకాల కాళ్ళు మడుచుకుని గంటలకొద్దీ కూర్చోవడం కుదరదు" అని తేల్చి చెప్పేశాడు. సుభాని ఆ డాక్టరు రాసిచ్చిన చీటీ తెచ్చి స్నేహితుడి చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు పోకపోతే ఇంక లేదురా అంకా" అన్నాడు.

హాయిగా రైల్లో పోవచ్చు కదా అని మీరనొచ్చు. ఆ మాట సుభానితో అని చూడండి! "రైల్లో పోయేవాణ్ణయితే ఎప్పుడో పోయేవాణ్ణి" అనేవాడు.

ఊళ్ళో దూరప్రయాణాలు చేసే బైకుల జట్టు ఒకటి ఉండేది. దానికి పెద్ద, పళ్ళ డాక్టరు హైమవతి. రెండో శనివారం పొద్దున్నే జట్టంతా కన్యాకుమారి బయలుదేరబోతోంది. అంకమ్మరావు ఇద్దరి పేర్లూ రాయించేశాడు. అతని దగ్గర పాత టూరింగ్ బండి ఒకటి ఉండేది. పెద్ద ట్యాంకు, వెడల్పాటి సీటు, రెండు పక్కలా సామాను పెట్టెలు. ఇంజను నిక్షేపంలా ఉంది. వెనక మడ్‌గార్డు మాత్రం లోపల్నుంచి తుప్పు తినేసి, చేత్తో పట్టుకుంటే అప్పడంలా విరిగింది. కొత్తది కొందామంటే ఆ బండి చేసిన కంపెనీయే మూతపడి పదేళ్ళయింది.

"దొరక్కపోతే ఏం? నేను చేస్తా" అన్నాడు అంకమ్మరావు.

రేకు కోసం వెతుకుతుంటే సుభాని తన కొట్టులోని ఇనుప బీరువా తలుపు ఒకటి ఊడదీసి, మోకాళ్ళ నొప్పితోనే రోడ్డు దాటి మోసుకొచ్చాడు. "మా నాన్న కొన్న బీరువారా. ఇంత గట్టి రేకు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

అంకమ్మరావు బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టాడు. వెనక చక్రం నేలకి తగలకుండా గాల్లో వేలాడుతోంది. ఒక కన్ను మూసి చూశాడు, వంగి చూశాడు, టైరు మీద రెండు వేళ్ళు పెట్టి చూశాడు. సుభాని మెడలో టేపుతో పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్, ఖాళీ బండికి కొలత తీస్తున్నావేంట్రా? నన్ను ఎక్కించి తియ్యి. ప్యాంటు ట్రయల్ వేసేటప్పుడు మేం మనిషిని కూర్చోమంటాం. నిలబడితే ఏ ప్యాంటైనా సరిపోతుంది. కూర్చున్నప్పుడే పిగిలేది" అన్నాడు.

"ఇది గుడ్డ కాదు బాబూ, ఇనుము! టైరుకీ రేకుకీ మధ్య రెండు వేళ్ళ సందు వదిలా. బోలెడు. నువ్వెళ్ళి నీ గుండీలు కుట్టుకో" అన్నాడు అంకమ్మరావు.

సుభాని వెళ్ళి గుండీలు కుట్టుకున్నాడు.

నాలుగు రోజులు షెడ్డులో సుత్తి మోత ఆగలేదు. ఐదో రోజుకి మడ్‌గార్డు తయారైంది. అబ్బ, ఏం కుదిరిందనుకున్నారు! నల్లగా నిగనిగలాడుతూ, అంచుల్లో చెయ్యి పెడితే ఎక్కడా గరుకు తగలకుండా ఉంది. రోడ్డున పోయేవాళ్ళు ఆగి, "కంపెనీదా?" అని అడిగారు. "ఈ చేతుల కంపెనీది" అని అంకమ్మరావు మీసం దువ్వుకున్నాడు. అవతల సుభాని కూడా సంబరంగా ఒకే తానులోంచి గుడ్డ తీసి ఇద్దరికీ బండి మీద వేసుకునే జాకెట్లు రెండు కుట్టాడు.

బుధవారం పొద్దున బళ్ళ పరీక్ష పెట్టారు. ప్రతి బండినీ మనుషులతో, సామానుతో రైలు గేటు దాకా నడిపించి చూడటం హైమవతి పద్ధతి. పళ్ళ డాక్టరు కదా, ఏ బండినైనా నోరు తెరిపించినట్టే కిందికి వంగి, టార్చి వేసి మరీ చూసేది.

అంకమ్మరావు దర్జాగా బండి ఎక్కాడు. వెనక సుభాని కూర్చున్నాడు. సామాను పెట్టెలు నిండుగా ఉన్నాయి. గేటు ముందు మూడు స్పీడు బ్రేకర్లున్నాయి. మొదటిది దాటేసరికి వెనకాల జర్రుమంది. రెండోదానికి ఇంకా గట్టిగా అరిచింది. మూడోదానికి చక్రం పట్టేసినట్టయి బండి ఈడ్చుకుపోయి ఆగింది. రబ్బరు కాలిన కంపు గుప్పుమని కొట్టింది.

హైమవతి టార్చి వేసి చూసింది. మడ్‌గార్డు అంచు టైరు మీద కత్తి పెట్టినట్టు లోతుగా గీత పెట్టింది.

"టైర్లో గాలి తక్కువుందనుకుంటా డాక్టరుగారూ" అన్నాడు అంకమ్మరావు.

"గాలి సరిగ్గానే ఉందండీ."

"ఈ రోడ్డు మరీ అధ్వాన్నంగా..."

"అంకమ్మరావుగారూ, కన్యాకుమారి దాకా మీకోసం రోడ్డు కొత్తగా వేస్తారా? హైవే మీద ఈ టైరు పేలితే వెనకున్న ఆయన గతేంటి? శనివారానికి సరిచేసుకొస్తే మీకన్నా నాకే సంతోషం. లేకపోతే మాత్రం ఈ బండి రాదు. నన్ను తిట్టుకున్నా సరే."

సుభాని మెల్లగా బండి దిగాడు. 'నేను చెప్పలేదూ' అనలేదు. కనీసం విసుక్కోనూ లేదు. ఒంటి మీది కొత్త జాకెట్టు విప్పి, మడత పెట్టి, చంకలో పెట్టుకుని కుంటుకుంటూ కొట్టువైపు నడిచాడు. నాలుగు తిట్లు తిట్టినా అంకమ్మరావుకి అంత బాధ ఉండేది కాదు. ఆ మడత పెట్టిన జాకెట్టు వంకే చూస్తూ బండిని తోసుకుంటూ వెనకాలే వచ్చాడు.

షెడ్డుకొచ్చి చాలాసేపు ఆ నిగనిగలాడే మడ్‌గార్డు ముందు కూర్చున్నాడు. ఎంత అందంగా చేశాడో అంత పనికిరాకుండా చేశాడు. మనిషి బరువు పడగానే బండి వెనకభాగం కిందికి దిగుతుందనీ, చక్రం పైకి వస్తుందనీ అతనికి తెలియక కాదు. ముప్పై ఏళ్ళుగా తెలుసు. చెప్పింది సుభాని కాబట్టి వినలేదు, అంతే. ఆ సంగతి తనకి తాను ఒప్పుకోవడానికి ఒక టీ పట్టింది. తర్వాత లేచి రోడ్డు దాటాడు.

"సుభానీ."

"ఊఁ."

"కొలత తియ్యరా."

"దేనికి?" అన్నాడు సుభాని, మిషను ఆపకుండానే.

"బండికి. కొలత నువ్వు చెప్పు, కొట్టడం నేను కొడతా. తప్పు నాదేరా."

మిషను ఆగిపోయింది. అంకమ్మరావు నోట ఆ చివరి మాట రావడం స్టేషను రోడ్డు పుట్టాక అదే మొదటిసారి మరి!

"మరి రేకో?" అన్నాడు సుభాని.

"అదే తెలీడం లేదు. మొదటిది కోసేశాం. ఇంక దేనికీ పనికిరాదు."

సుభాని వెనక్కి తిరిగి, ఒక పక్క నోరు తెరుచుకుని ఉన్న బీరువా వైపు చూశాడు. "రెండో తలుపు ఉందిగా. పట్టు" అన్నాడు.

ఈసారి మొదట చేసిన మడ్‌గార్డు విప్పకుండానే బండిని స్టాండు దించి నేల మీద నిలబెట్టారు. ముందు సీటు మీద అంకమ్మరావు బరువుకి సరిపడా బియ్యం బస్తాలు కట్టి, పక్కలకి కర్రలు ఊతం పెట్టారు. పెట్టెలు నింపారు. వెనక సీటు మీద సుభాని మహారాజులా కూర్చుని, మెడలోని టేపు తీసి అంకమ్మరావు చేతిలో పెట్టాడు. అతను దాన్ని పామును పట్టుకున్నట్టు పట్టుకుని వంగి చూశాడు. రెండు వేళ్ళ సందు ఏదీ? వెంట్రుక కూడా దూరేలా లేదు.

"ఇప్పుడు కాస్త ఎగురుతా, చూడు" అని సుభాని సీటు మీద ఒక ఊపు ఊపాడు. టైరు పైకొచ్చి రేకుకి ఠంగున తగిలింది.

"చూశావా? గుంతలో పడితే ఇంత. దీనికి నాలుగు వేళ్ళు లూజు పెట్టు. ఒంటికి అతుక్కునేలా కుడితే చూడ్డానికే బాగుంటుందిరా, బతకడానికి పనికిరాదు" అన్నాడు సుభాని.

తర్వాత ఆ మడ్‌గార్డు విప్పించి, అతను పాత పేపర్లు అతికించి, టైరు మీద కప్పి, అంచుల్లో వరసగా చీలికలు పెట్టి, చీలికల్ని ఒకదాని మీదికి ఒకటి లాగి గుండుసూదులు గుచ్చాడు. చదును కాగితం చూస్తుండగానే చక్రం మీద గొడుగులా వంగి కూర్చుంది. అంకమ్మరావు నోరు వెళ్ళబెట్టాడు.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నేను ఒక పూటంతా సుత్తితో కొట్టి తెచ్చే వంపు ఇది!"

"ఎదురుగానే ఉన్నాగా ఇన్నేళ్ళూ. నువ్వు అడిగితేగా!" అన్నాడు సుభాని.

ఆ కాగితం ప్రకారం రేకు కోశారు. చీలికలు కలిపి అంకమ్మరావు వెల్డింగ్ పెట్టాడు, సుత్తితో సాపు చేశాడు, తుప్పు తినకుండా ఈసారి లోపలివైపు కూడా రెండు పూతలు రంగు వేశాడు. మడ్‌గార్డుని పట్టి ఉంచే పట్టీలు నాలుగు వేళ్ళు పైకి జరిపి బిగించాడు. శుక్రవారం మధ్యాహ్నానికి పని అయింది.

"అయింది" అన్నాడు అంకమ్మరావు.

"ట్రయల్ వెయ్యకుండానే?" అని సుభాని సుద్దముక్క తీసి, మడ్‌గార్డు లోపల పదహారు అడ్డగీతలు గీశాడు. "టైరు తగిలితే గీత చెరుగుతుంది. పద."

ఇద్దరూ గేటు దాకా వెళ్ళొచ్చారు. చివరి గీత ఒకటి, ఒక పక్కన కాస్త చెరిగింది. పాత అంకమ్మరావు అయితే "ఆఁ, ఇంతేగా!" అనేవాడే. ఇప్పుడు మాత్రం వెంటనే మడ్‌గార్డు విప్పాడు, అంచు తిప్పి కొట్టాడు, మళ్ళీ బిగించాడు. సుభాని మళ్ళీ గీత గీశాడు. మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ చెరిగింది. మళ్ళీ విప్పాడు. మూడోసారి తిరిగొచ్చి చూస్తే పదహారు గీతలూ గీసినవి గీసినట్టే ఉన్నాయి. అయినా సుభాని వాటిని తుడిచేసి, "రేపు డాక్టరమ్మ ముందు ఇంకోసారి" అన్నాడు.

శనివారం పొద్దున జట్టంతా చేరింది. ఇద్దరూ ఒకే రంగు జాకెట్లు వేసుకుని వచ్చారు. అందరి ముందూ సుభాని బండి కింద చెయ్యి పెట్టి గీతలు గీస్తుంటే, "సుభాని భాయ్, మడ్‌గార్డుకి ముగ్గేస్తున్నావా?" అని ఎవరో ఎగతాళి చేశారు. సుభాని నవ్వి బండెక్కాడు.

మొదటి బ్రేకరు దాటారు. చప్పుడు లేదు. రెండోది దాటారు. చప్పుడు లేదు. మూడోదాని మీదికి అంకమ్మరావు కావాలనే జోరుగా ఎక్కించాడు. సుభాని సీటు మీంచి జానెడు ఎగిరి ధబ్బున కూర్చున్నాడు. ఊపిరి బిగబట్టి అందరూ చెవులు రిక్కించారు. ఇంజను చప్పుడు తప్ప మరేమీ లేదు.

హైమవతి టార్చి వేసి, ఒంగి, ఒక్కొక్క గీతా లెక్కపెట్టింది. ఆమె లేచి, చేతులు దులుపుకుని, "పదహారుకి పదహారూ ఉన్నాయి. ఒక్కటీ ఊడలేదు!" అని పకపకా నవ్వింది. జట్టంతా ఈలలు వేసింది. ఎగతాళి చేసినవాడే అందరికన్నా గట్టిగా వేశాడు.

"ఎవరు చేశారండీ ఇంత బాగా?" అని ఒకరు అడిగారు.

అంకమ్మరావు మీసం మీదికి చెయ్యి పోబోయి ఆగింది. "కొలత వాడిది, సుత్తి నాది. ముందు వాడి పేరు చెప్పండి" అన్నాడు.

దారిలో మధురై దాటాక ఒకటే వాన. పొట్టి మడ్‌గార్డుల బళ్ళ మీద ఉన్నవాళ్ళ వీపులు బురదతో చారలు చారలైపోయాయి. సుభాని వీపు మీద ఒక్క చుక్క పడలేదు. మూడోనాటి సాయంత్రం కన్యాకుమారి చేరాక అతను మోకాళ్ళు పట్టుకుని బండి దిగి, నీళ్ళ అంచుదాకా నడిచి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు.

"ఒరేయ్ అంకా, మూడు సముద్రాలన్నారు. ఏది ఎక్కడ మొదలో, ఏది ఎక్కడ ఆఖరో తెలీడం లేదేంట్రా?" అన్నాడు. అంటూనే కళ్ళు తుడుచుకున్నాడు. అంకమ్మరావు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "వచ్చేశాంరా" అన్నాడు. నలభై మూడేళ్ళ ఒట్టు తీరిపోయింది.

ఊరికి తిరిగొచ్చాక సుభాని మోకాళ్ళ ఆపరేషన్ బాగానే జరిగింది. తలుపుల్లేని ఆ బీరువాకి అతను జాకెట్టు గుడ్డతోనే ఒక తెర కుట్టి తగిలించాడు. అంకమ్మరావు మెడలో ఇప్పుడు ఎప్పుడూ ఒక టేపు వేలాడుతూ ఉంటుంది. ఎవరైనా బండి తెస్తే, "దీని మీద వెనకాల ఎవరు కూర్చుంటారు? వాళ్ళని కూడా పిలుచుకురండి, ఏమంటారో విందాం" అంటాడు.

కాబట్టి గుర్తుంచుకోండి: ఏ పని సత్తువైనా తేలేది బరువు పడ్డప్పుడే, ఆ బరువు మోపేవాళ్ళ మాట ముందే వినేవాడే అసలైన పనిమంతుడు.